ఇతరాలు: పది రూపాయలు

సంక్రాంతికి ఇంటికి రంగులేయిస్తున్నాను, అటక మీద సామానంతా దించాలి, రెండు రోజులు ముందుగా రమ్మని అమ్మ ఫోన్ చేసింది. వెళ్ళాను. ఇత్తడి గుండిగలు, చిరిగిన చాటలు, నాయనమ్మ ట్రంకుపెట్టె, ఒక చక్రం ఊడిన నా మూడు చక్రాల సైకిలు, అన్నీ దించాక అడుగున గోనెసంచిలో నా బడి పుస్తకాలు దొరికాయి. ఎలుకలు కొట్టగా మిగిలినవి. వాటి మధ్య దబ్బనంతో కుట్టిన లావుపాటి పుస్తకం ఒకటి. అట్టకు పాత పేపరు. మొదటి పేజీలో నేను ఎనిమిదో తరగతిలో గీసిన భారతదేశం పటం, శ్రీలంక వేయడం మర్చిపోయి. రెండో పేజీ నుంచి లెక్కలు.

ఉప్పు, అగ్గిపెట్టెలు, ముక్కుపొడి, బస్సు చార్జీ, చెల్లికి స్లేటు పుల్లలు. పక్కన రూపాయలు, పైసలు. ప్రతి నెలా ఆఖరున చిన్నగా "ఇతరాలు – 10".

అది 2000 సెప్టెంబరు నుంచి 2001 ఆగస్టు దాకా మా ఇంటి జమాఖర్చు. చెప్పింది అమ్మ, రాసింది నేను. అమ్మ ఐదో తరగతి వరకే చదివింది. రాయడం వచ్చు గానీ, పొయ్యి దగ్గర పని ముగిసి కూర్చునేసరికి కళ్ళు మూతపడేవి. అందుకని రాత్రి అన్నాలయ్యాక నన్ను పిలిచి, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని చెబుతూ పోయేది. ఒక్క పద్దు కూడా మర్చిపోయేది కాదు.

మా ఊరు కందుకూరికి పన్నెండు కిలోమీటర్లు. 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉండి, తర్వాత ప్రకాశం జిల్లాలో కలిసి, 2022లో మళ్ళీ నెల్లూరు జిల్లాకు వచ్చి, 2025 ఆఖరున తిరిగి ప్రకాశానికే పోయింది. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. మా నాయనమ్మ అయితే ప్రకాశం జిల్లాను చివరిదాకా లెక్కలోకే తీసుకోలేదు. "మనం నెల్లూరోళ్ళం" అంటూనే పోయింది. ఇంకొన్నాళ్ళు బతికుంటే, కొన్నాళ్ళయినా ఆమె మాటే గెలిచేది.

మాది పొగాకు ఊరు. అక్టోబరు, నవంబరుల్లో నాట్లు. సంక్రాంతి నాటికి బ్యారన్లు, అంటే ఆకును వేడికి ఆరబెట్టే ఇళ్ళు, వెలిగేవి. ఆకు కొట్టి, కర్రలకు అల్లి, బ్యారన్లో ఎక్కించి, రాత్రీ పగలూ పొయ్యి మండించి, ఇంచుమించు వారానికి ఒక బ్యారన్ దించేవాళ్ళు. ఊరంతా ఒక తియ్యటి ఘాటు వాసన. తర్వాత గ్రేడింగు, బేళ్లు కట్టడం, కందుకూరు వేలం కేంద్రానికి తోలడం. ఏడాది మొత్తంలో మేము డబ్బు కళ్ళజూసేది ఆ నాలుగైదు నెలలే. మిగిలిన కాలమంతా అరువు. వేలం డబ్బులొచ్చిన వారంలో అందరి ఇళ్ళలోనూ మటన్, కొత్త బట్టలు, కందుకూరులో సినిమా. ఆరో నెల వచ్చేసరికి శెట్టిగారి పద్దు. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. ఊరంతా అట్లాగే బతికింది.

2000లో నిల్వలు పేరుకుపోయి ధర పడిపోయిందని, ఆ ఏడు ఆంధ్రలో పొగాకు వేయొద్దన్నారు. క్రాప్ హాలిడే. నేనప్పుడు తొమ్మిదో తరగతి. హాలిడే అనగానే బడికి కూడా సెలవేమోనని మా బెంచీలో ముగ్గురం సంబరపడ్డాం. ఇంటికొచ్చి చెబితే నాయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ రాత్రి నవారు మంచం మీద నాయన డబ్బులు లెక్కపెట్టాడు. బ్యాంకు అప్పు, బొగ్గు బాకీ, కూలి బాకీలు తీర్చాక మిగిలింది పద్నాలుగు వేలు. అమ్మ గుమ్మంలో కూర్చుని విన్నది.

"మళ్ళీ వేలం ఎప్పుడు?"

"వచ్చే ఏడాది వేయనిస్తే, ఆ పై ఏడాది మార్చి."

"మాటవరసకు పన్నెండు నెలలే అనుకుందాం. నెలకు తొమ్మిదొందలు ఇయ్యి నాకు. మిగతాది బ్యాంకులో పడెయ్యి, రోగానికీ రొష్టుకూ."

తొమ్మిదొందలు, ఐదుగురం. జొన్నలు, కందులు, ఉలవలు ఇంట్లోవే. ఒక పాడిగేదె ఉంది, ఆ పాల డబ్బులు గేదె తవుడుకు, బడి ఖర్చులకు. నల్లరేగడి చెక్కలో నాయన శనగ వేశాడు. "ఎట్టా సరిపోతుందే?" అన్నాడు. "సరిపోదు. సరిపెట్టాల" అంది అమ్మ.

అమ్మకు ఈ ధైర్యం పొదుపు సంఘం నుంచి వచ్చిందని నా అనుమానం. మా వైపు ఆడవాళ్ళకు ఆ రోజుల్లో సంఘమంటే పుట్టింటి తర్వాత పుట్టిల్లు. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు, రోశమ్మగారు ముందుండి, సారా కొట్టు మూయించిన కథ మాకు చిన్నప్పుడు రామాయణంలా చెప్పేవాళ్ళు. 1993 అక్టోబరు ఒకటి నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. సారాకు పోకుండా ఆగిన రూపాయిని రోజుకొకటి చొప్పున దాచుకోవడం అక్కడే నెల్లూరు జిల్లాలో మొదలై, పొదుపు లక్ష్మి అనే పేరుతో ఊరూరా పాకింది. మా ఊళ్ళోనూ పదిహేను మంది కలిసి పెట్టుకున్నారు. రోజుకు రూపాయి, నెలకు ముప్ఫై. అమ్మ రెండో లీడరు. నెలకోసారి కందుకూరు వెళ్ళి బ్యాంకులో ఆ డబ్బు కట్టి రావడం ఆమె పని. మా ఇంట్లో సారా తాగేవాళ్ళు లేరు కాబట్టి, ఆ రూపాయి ఎక్కడి నుంచి మిగలాలో అమ్మ అప్పటికే వెతకడం నేర్చుకుంది.

మొదట మూసింది శెట్టిగారి పద్దు.

నన్ను వెంటబెట్టుకుని కొట్టుకు వెళ్ళింది. శెట్టిగారు ఎర్ర గుడ్డ అట్ట పుస్తకం తీసి మా పేజీ తిప్పారు. అమ్మ నన్ను చదవమంది. చదువుతుంటే నాకే నోట మాట రాలేదు. మేం ఇంట్లో ఎవరం ఎరగమనుకున్నవన్నీ అందులో ఉన్నాయి. చెల్లి అరకిలో పంచదారకు వెళ్ళినప్పుడల్లా ఒక రిబ్బను. నా పేరు మీద నిమ్మతొనలు, రూపాయి, అర్ధరూపాయి, మళ్ళీ రూపాయి. నాయన ఖాతాలో సిగరెట్లు. పంచదార కిలో దగ్గర రూపాయి ఎక్కువ, నూనె దగ్గర రెండు రూపాయలు.

"ఇదేంది శెట్టిగారూ, బయట రాసిన ధరొకటి, లోపలొకటి?"

"అమ్మా, అది రొక్కం ధర. ఇది అరువు ధర. ఆరు నెలలు నా డబ్బు మీ ఇంట్లో ఉంటది గదమ్మా." ఆయన మర్యాదగానే చెప్పారు. అందులో మోసమేం లేదు. మేమే ఇన్నేళ్ళూ అడగలేదు.

అమ్మ కొంగు ముడి విప్పి బాకీ మొత్తం కట్టింది. "ఈ రోజు నుంచి డబ్బులు తెస్తేనే సరుకియ్యండి. మా పిల్లలొచ్చి రాసుకో అంటే, రాసుకోబాకండి." ఇంటికొచ్చే దారిలో నన్నేమీ అనలేదు. నిమ్మతొనల గురించి ఒక్క మాటా అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. చెల్లి మాత్రం ఆ సాయంత్రం రిబ్బన్లన్నీ పరుపు కింద దాచింది.

ఆ తర్వాత సబ్బు. ఇప్పటికీ ఎర్ర సబ్బు వాసన తగిలితే నాకు గుర్తొచ్చేది స్నానం కాదు, మా వంటింటి గుమ్మంలో అమ్మ ఒళ్ళో ఉన్న పీట. సబ్బును కాసేపు ఎండలో పెట్టేది, కాస్త మెత్తబడాలని. తర్వాత పీట మీద నిలబెట్టి, నూలుదారం మూడు పేటలు వేసి నడుముకు చుట్టి, రెండు కొసలూ చేతివేళ్ళకు మెలేసి మెల్లగా ఎదురుబొదురుగా లాగేది. దారం లోపలికి దిగుతుంటే కీచుమని సన్నటి చప్పుడు. కత్తితో కోస్తే రజను రాలుతుంది, దారంతో కోస్తే ఒక్క పలుకు కూడా పోదు. తెగిన ముఖం అద్దంలా మెరిసేది. ఆ రెండు ముక్కల్లో ఒకటి గూట్లో, ఇంకోటి కిటికీ పైన చెక్క మీద గాలికి. పదిహేను రోజులు ఆరిన సబ్బు రాయిలా గట్టిపడి నురగ నిదానంగా ఇస్తుంది, ఎక్కువ రోజులు వస్తుంది. మొత్తం సబ్బు ఇస్తే మేము నీళ్ళలో వదిలేసి సగం కరిగించే వాళ్ళమని ఆమె లెక్క. చివర్లో రేకులా అరిగిన బిళ్ళను కొత్తదానికి తడిచేసి అతికించేది. మా ఇంట్లో సబ్బు అనేది ఎప్పుడూ అయిపోలేదు, ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి నడిచింది.

నూనెకు గిద్ద. నాయనమ్మ కాలం నాటి ఇత్తడి గిద్దను తోమి పొయ్యి పక్కన మేకుకు తగిలించింది. రోజుకు ఒక గిద్ద నూనె. పొద్దునే కొలిచి చిన్న గిన్నెలో పోసుకునేది. రాత్రికి గిన్నె ఖాళీ అయితే తాలింపు లేని కూర. దాంతో మా ఇంట్లో వేపుళ్ళు పోయి పులుసులు వచ్చాయి. వంకాయ పచ్చిపులుసు, గోంగూర, ఒరుగుల పులుసు, ఎండు చేపలు దొరికిన రోజు ఎండు చేపలు. ఎద్దులకు ఉడకేసిన ఉలవల కట్టుతో చారు వారానికి రెండుసార్లు. ఆ చారు మరిగి మరిగి నల్లగా అయ్యేది, జొన్న సంగటిలో గుంట చేసి పోసుకునేవాళ్ళం. మేము పేదరికంలో ఉన్నామని నాకు నాలుక ఒక్కరోజు కూడా చెప్పలేదు. పోయిన నెల హైదరాబాదులో ఉలవచారు బిర్యానీకి మూడొందల ఎనభై కట్టి, "ఎద్దులు తిన్నాక మిగిలిందే గదా" అని ఆఫీసువాళ్ళ ముందు నోరు జారాను. ఎవరికీ అర్థం కాలేదు.

కరెంటు పని నాది. ఆ ఏడాదే చార్జీలు పెంచారు. రాష్ట్రమంతా గొడవలయ్యాయి. ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి మనుషులు పోయారని రేడియోలో విన్నాం. నాయన బిల్లు అటూ ఇటూ తిప్పి చూసి నాకిచ్చాడు. తొమ్మిదో తరగతి ఫిజిక్సు మొదటిసారి ఇంటికి పనికొచ్చింది. అరవై వాట్ల బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు తొమ్మిది యూనిట్లు. జీరో బల్బు పేరుకే జీరో, అదీ పదిహేను వాట్లు తింటుంది, అయినా రెండు యూనిట్ల పైచిలుకే. పశువుల కొట్టంలో, వసారాలో మార్చేస్తే బల్బుకు దాదాపు ఏడు యూనిట్లు మిగులు. సుద్దముక్కతో గోడ మీద లెక్కేసి చూపించాను. అమ్మ ఆ గోడను చాలా రోజులు కడగలేదు. వచ్చినోళ్ళందరికీ చూపించేది. నాయనమ్మకు మాత్రం నచ్చలేదు. "ఆ గుడ్డి దీపానికి గేదె నన్ను చూసి భయపడుతుంది" అనేది.

నాయనమ్మ ముక్కుపొడి జోలికి అమ్మ పోలేదు. ఊరంతా పొగాకు పండించే చోట ముక్కుపొడి కొనడం నాకు విచిత్రంగా ఉండేది. ఒకసారి ఆపేద్దామని నేనే సలహా ఇచ్చాను, లెక్కల మాస్టర్లా. "ముసలామెకు అదొక్కటే సుఖం. దాని మీద పడితే నాలుగు రూపాయలు మిగులుతాయి, ఇంట్లో రోజుకో రభస వస్తుంది. లెక్క రాసేవాడికి అన్నీ తెలియవులే" అంది. కొట్టం ఊడ్చే ఆమెకు నెలకు అరవై ఇచ్చేవాళ్ళం. అది ఆపుదామని నాయన అన్నాడు. "ఆమెకు బ్యారన్ కాడ ఆకు అల్లే పని ఎట్టాగూ పోయె. ఇదీ తీసేస్తే ఏం తింటది?" ఆ మాటకు నాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. నిజానికి ఆ ఏడాది కష్టం మాలాంటి వాళ్ళది కాదు. మాకు తగ్గించుకోవడానికి ఏదో ఒకటి ఉంది. ఆకు అల్లే ఆడవాళ్ళు, బ్యారన్ మండించే మనుషులు ఏం తగ్గించుకుంటారు? చాలామంది ఇళ్ళకు తాళాలేసి పనులకు వేరే ఊళ్ళకు పోయారు. మా తరగతిలో సంక్రాంతి తర్వాత ఆరుగురు బడికి రాలేదు.

ఆ సంక్రాంతి ఇంకోరకంగానూ గుర్తుంది. ఊళ్ళో వాసన లేదు. బ్యారన్ల మీద పావురాలు కాపురం పెట్టాయి. నాయన పొద్దున్నే అలవాటుగా బ్యారన్ దగ్గరికి వెళ్ళి, చల్లటి పొయ్యి ముందు తలపాగా పరుచుకుని కూర్చునేవాడు.

పెళ్ళిళ్ళ దగ్గర అమ్మ పద్ధతి మీకు చెప్పాలి. ఆ వేసవిలో మాకు ఐదు పెళ్ళిళ్ళు తగిలాయి, అందులో రెండు దగ్గరివి. నాయన చదివింపులు నూటపదహార్లకు బదులు యాభయ్యొక్కటి చేద్దామన్నాడు. అమ్మ తన పెళ్ళినాటి చదివింపుల పుస్తకం తీసింది. ఎవరు ఎంత చదివించారో అంతా ఉంది. "వాళ్ళు అప్పట్లోనే ఇంత పెట్టారు. మనం తగ్గిస్తే పేరు చెడుద్ది. చదివింపులు తగ్గించొద్దు, మనుషుల్ని తగ్గిద్దాం." ఐదుగురం బస్సెక్కి పోయే బదులు ఒక్కరే పోవాలి. కొత్త చీరలు లేవు, ఒక పాత పట్టుచీరనే అమ్మ, పిన్ని మార్చి మార్చి కట్టారు. పెళ్ళికి ఎవరు పోవాలనే దాని మీద ఇంట్లో చీటీలు వేసేవాళ్ళం. చెల్లికి మూడుసార్లు వచ్చింది. అది ఎప్పటికీ నేను ఒప్పుకోని లెక్క, చీటీలు మడిచింది అదే.

చింతపండు, మిరపకాయలు శివరాత్రి దాటాక కొత్త కాయ దిగినప్పుడు ఏడాదికి సరిపడా ఒక్కసారే కొన్నది. అందుకోసం రెండు నెలలు ముందుగానే తొమ్మిదొందల్లోంచి కొంత వేరే డబ్బాలో వేసింది. చింతపండులో గింజలు తీసి, ఉప్పు కలిపి, జాడీలో కుదించింది. ఇది ఎవరైనా చేసేదే, ఎక్కువ చెప్పను.

తగ్గించడంలో దెబ్బ తిన్నది ఒక్కచోట. నా చెప్పులు. స్ట్రాప్ తెగిపోతే మూడుసార్లు కుట్టించింది, నాలుగోసారి పిన్నీసు పెట్టింది. "పరీక్షలయ్యాక కొందాంలే, ఎట్టాగూ ఎండాకాలం ఇంట్లోనే గదా" అంది. ఫిబ్రవరిలో శనగ పీకడానికి పొలం పోతూ పిన్నీసు ఊడి, చెప్పు చేత్తో పట్టుకుని నడిచాను. తుమ్మ ముల్లు మడమలో దిగి లోపలే విరిగింది. ఇంట్లో సూదితో తీశారు, సగమే వచ్చింది. మూడో రోజుకు కాలు బుడ్డలా వాచింది. ఆర్‌ఎంపీ డాక్టరు కోసి తీసి, రెండు ఇంజెక్షన్లు, ఐదు రోజుల మాత్రలు ఇచ్చాడు. ఆ రాత్రి నేను మంచం మీద పడుకునే పుస్తకం రాశాను. "రాయి. కొనని చెప్పులు నలభై ఐదు" అంది. నేను ఆగాను. కొననిది ఎట్లా రాయాలి? "పక్కన రాయరా. ముల్లు ఎనభై ఐదు. రెంటి కింద గీత గియ్యి." ఆ గీత రెండుసార్లు గీయించింది. మర్నాడే నాయన కందుకూరు నుంచి కొత్త చెప్పులు తెచ్చాడు, చెల్లికి కూడా. ఇరవై ఐదేళ్ళయినా ఆ పేజీలో కాగితం చిరిగేంత లోతుగా ఆ గీత అట్లాగే ఉంది.

ఇక నాయన సంగతి. ఆ సెప్టెంబరులోనే సిగరెట్లు మానేశానని వసారాలో అందరి ముందు ప్రకటించాడు. చుట్టుపక్కలవాళ్ళు మెచ్చుకున్నారు. వారానికోసారి బ్యాంకనో, శనగ విత్తనాలనో కందుకూరు వెళ్ళొచ్చేవాడు. పుస్తకంలో "నాయన బస్సు – 10". మా ఊరి నుంచి కందుకూరుకు టికెట్టు నాలుగు రూపాయలు. నేను వెళ్ళినప్పుడు రానుపోను ఎనిమిదయింది. ఒక రాత్రి కలం ఆపి, "అమ్మా, నాయనకు పది ఎందుకవుతుంది?" అన్నాను. అమ్మ కళ్ళు తెరవకుండానే, "పెద్దోళ్ళకు ఎక్కువ తీసుకుంటారు" అంది. నాకు పద్నాలుగేళ్ళు. నాకూ ఫుల్ టికెట్టే. అయినా రాశాను.

2001లో మళ్ళీ పొగాకు వేయనిచ్చారు. ఆగస్టు ఆఖరు లెక్క రాశాక అమ్మ పుస్తకం ఇక చాలంది. బ్యాంకులో వేసిన మూడు వేల రెండొందల్లో రెండు వేల చిల్లర అట్లాగే ఉంది. ఆ సంక్రాంతికి బ్యారన్లు వెలిగాయి, పావురాలు లేచిపోయాయి, వాసన తిరిగొచ్చింది. మటన్ వచ్చింది. వేపుళ్ళు వచ్చాయి. గిద్ద మాత్రం చాలా ఏళ్ళు మేకుకే ఉండిపోయింది.

అటక దించిన మధ్యాహ్నం వసారాలో కూర్చుని ఆ పుస్తకం తిరగేస్తూ, సరదాకి నా ఫోనులో పోయిన నెల ఖర్చులు చూశాను. నూట అరవై పైచిలుకు చెల్లింపులు. అందులో సగానికి పైగా వంద లోపువి. దేనికో గుర్తులేదు. ఇరవై తొమ్మిది, నలభై తొమ్మిది, డెలివరీ, ప్లాట్‌ఫాం ఫీజు. మూడు ఓటీటీలు ఉన్నాయి, ఒకటి తెరిచి ఏడాదయి ఉంటుంది. నాకూ ఒక శెట్టిగారి పద్దు నడుస్తోందన్నమాట, చదివి వినిపించేవాడే లేడు. మా ఆవిడకు పుస్తకం ఫొటో పంపితే, "అది అక్కడే పెట్టి రండి, మనింటికి తేవొద్దు" అని జవాబిచ్చింది.

అమ్మ పక్కన చాటలో కందిపప్పు పోసుకుని రాళ్ళేరుతోంది. నాయన పోయి ఆరేళ్ళు. నేను పేజీలు తిప్పుతూ నెల నెలా ఆఖరి పద్దు దగ్గర ఆగాను.

"అమ్మా, ఇతరాలు పది అంటే ఏంది? పన్నెండు నెలలూ ఉంది. అప్పుడడిగితే ఊరికే రాయరా అన్నావు."

అమ్మ చాటలోంచి తల ఎత్తలేదు. ఒక రాయి తీసి పక్కన పడేసింది. ఇంకోటి తీసింది.

"సంఘం డబ్బులు కట్టడానికి కందుకూరు పోయేదాన్ని గదా నెలకోసారి."

"అవును. ఆ బస్సు చార్జీ వేరే ఉంది."

"బ్యాంకు పక్క సందులో హోటలుండేది. కారం దోశ ఏడు రూపాయలు. కాఫీ మూడు."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మా నాలుకల మీద గిద్దతో కొలిచిన మనిషి. సబ్బును దారంతో కోసిన మనిషి. నెలకోసారి ఒక్కతే హోటల్లో బల్ల ముందు కూర్చుని, వెన్నపూసి పప్పులపొడి చల్లిన కారం దోశ.

"ఒక్కదానివేనా?"

"ఇంకెవరుంటారు? రెండో లీడర్ని గదా. మూల బల్ల నాది. పెట్టేవాడికి కూడా తెలుసు, పచ్చడి అడక్కుండా వేసేవాడు." ఈసారి తనూ నవ్వింది. "చెల్లికి చెప్పబాక. ఇప్పటికీ ఆ పెళ్ళిళ్ళ గురించి ఎత్తుతుంది."

"నాయనకు తెలుసా?"

"తెలిసే ఉంటది. ఇతరాలంటే ఏందని ఒక్కనాడూ అడగలా. నేను మాత్రం ఆయన బస్సు టికెట్టు పది రూపాయలంటే అడిగానా?"

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. లోపల రంగులేసేవాళ్ళు నిచ్చెన జరుపుతున్న చప్పుడు. అమ్మ పప్పు చెరిగి, పొట్టు ఊది, చాట కింద పెట్టింది.

"ఇప్పుడు మీ హైదరాబాదులో కారం దోశ ఎంతరా?"

"తొంభై. కాఫీ ముప్ఫై."

ఆమె వేళ్ళ మీద లెక్కేయలేదు, నాకంటే ముందే చెప్పేసింది. "నూట ఇరవై. ఆ పుస్తకంలో ఏడాది మొత్తం నేను తిన్నది అంతేగా." పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, కొంగుతో దుమ్ము తుడిచి, పప్పు చాట మీద బోర్లించి, పనివాళ్ళకు టీ పెట్టడానికి లేచింది.